సహోదరత్వం అనే మాట పోలీసుగా మారిన కథ



బుధవారం కూడికల్లో పేతురు రాసిన మొదటి పత్రిక చదువుతున్నాం కదా. రెండో అధ్యాయం 17వ వచనం దగ్గర అనుకున్నదానికంటే ఎక్కువసేపు ఆగిపోయాం. మన తెలుగు బైబిలు అక్కడ సహోదరులను ప్రేమించమంటుంది. గ్రీకులో పేతురు వాడిన మాట మాత్రం ‘అదెల్ఫోతేస్’. దాని అర్థం సహోదరులు అని కాదు, సహోదరత్వం అని. ఒక్కొక్క మనిషి కాదు, ఆ బంధుత్వం మొత్తం. కొత్త నిబంధనంతటిలో ఈ మాట రెండే రెండు చోట్ల వస్తుంది, రెండూ ఈ పత్రికలోనే. రెండోది అయిదో అధ్యాయం 9వ వచనం. శ్రమల్లో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరం అది. ఆ రోజు కూడికలో ఒక తమ్ముడు, “అయ్యగారూ, ఈ మాట మిగతా భాషల్లో ఎలా ఉంటుంది?” అని అడిగాడు. ఆ ప్రశ్న పట్టుకుని వెతుకుతూ పోతే స్పెయిను దేశం దాకా వెళ్లాం. అక్కడ కనబడిన చరిత్ర మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాం.

ముందు మన ఇంటి సంగతి. తెలుగులో మనకొక చిక్కుంది. ఇంగ్లీషువాడికి ‘బ్రదర్’ అంటే సరిపోతుంది. మనకు అయితే అన్న, కాకపోతే తమ్ముడు. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది తేలకుండా ఇంట్లో పిలుపే లేదు. బైబిలును తెలుగులోకి తెచ్చిన ప్రతివాడికీ ఈ చిక్కు ఎదురయ్యే ఉంటుంది. ఆ పనిలో కొంత జరిగింది మనకు రైలులో రెండు గంటల దూరంలోనే. లండన్ మిషనరీ సొసైటీ పంపగా 1805లో జార్జి క్రాన్, ఆగస్టస్ దెగ్రాంజ్ విశాఖపట్నంలో దిగారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రీస్తును నమ్ముకున్న ఆనందరాయర్ వాళ్లకు తోడయ్యాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులోకి వచ్చి 1812లో శ్రీరామపురం ముద్రణాలయంలో అచ్చయ్యాయి. అప్పటికి క్రాన్, దెగ్రాంజ్ ఇద్దరూ కన్నుమూశారు, ఒకరు 1809లో, ఒకరు 1810లో. తాము తిప్పిన పుస్తకం అచ్చులో చూసుకునే భాగ్యం వాళ్లకు లేకపోయింది.

ఈ రోజు మన చేతిలో ఉన్న బైబిలు ఆ చిక్కును ఎలా దాటిందో చూడండి. ఆదికాండములో హేబెలును కయీను తమ్ముడు అనే అంటుంది. ఎవరు ముందు పుట్టారో అక్కడే ఉంది గనక ఇబ్బంది లేదు. తప్పిపోయిన కుమారుని ఉపమానంలోనూ పెద్దవాడితో తండ్రి మాట్లాడేటప్పుడు తమ్ముడు అనే మాటే. అంద్రెయ మాత్రం పేతురుకు అన్నో తమ్ముడో సువార్తలు చెప్పవు. కాబట్టి అక్కడ ‘సహోదరుడు’. సంస్కృతం నుంచి వచ్చిన ఈ మాటకు ఒకే ఉదరం నుంచి వచ్చినవాడు అని అర్థం. గ్రీకు ‘అదెల్ఫోస్’ కట్టుబడీ అచ్చంగా ఇదే: ‘దెల్ఫిస్’ అంటే గర్భం, ఒకే గర్భంలోంచి వచ్చినవాడు అదెల్ఫోస్. మన పల్లెల్లో తోడబుట్టినవాడు అంటాం, భావం అదే. అయితే సహోదరుడులో ఒక మేలుంది. అందులో పెద్దాచిన్నా లేవు. ఇంట్లో ఎవరూ వాడని ఆ పుస్తకాల మాట సంఘంలోకి వచ్చాక, కూర్చున్న వరసలో ఎవరు ముందు, ఎవరు వెనుక అనే లెక్క లేకుండా మనుషులను పిలిచే వీలు దొరికింది.

ఇక స్పెయిను. లాటినులో ‘ఫ్రాతెర్’ అంటే సోదరుడు. సవతి బిడ్డో, వరసకు సోదరుడో కాదు, ఒకే తల్లిదండ్రుల బిడ్డ అని గట్టిగా చెప్పాలంటే ‘ఫ్రాతెర్ గెర్మానుస్’ అనేవారు, మనం “సొంత తమ్ముడండీ” అన్నట్టు. స్పానిషు ప్రజలు కాలక్రమంలో అసలు మాటను వదిలేసి ‘సొంత’ను మిగుల్చుకున్నారు. గెర్మానుస్ అరిగి అరిగి ‘ఎర్మానో’ అయింది. రాతలో ముందు ‘హ’ అక్షరం ఉంటుంది గాని నోట పలకరు. దాని నుంచి వచ్చిందే ‘ఎర్మందాద్’, సహోదరత్వం. వరసకు సోదరుడు కాదు, సొంత సోదరుడు అన్న పట్టుదల ఆ మాట పుట్టుకలోనే ఉందన్నమాట.

ఎర్మందాద్‌లు మొదట మంచి పనికే పుట్టాయి. 13వ శతాబ్దంలో తొలేదో పట్టణం చుట్టుపక్కల కొండల్లో తేనెటీగలు పెంచుకునేవాళ్లు, విల్లంబులతో వేటాడేవాళ్లు ఉండేవారు. సీతంపేట కొండల మీంచి తేనె తెచ్చి అమ్ముకునే మన గిరిజనులను తలుచుకోండి, అలాంటి జీవనమే అనుకోవచ్చు. దారి దోపిడీలు ఎక్కువయ్యాయి. రాజు ఎక్కడో దూరంగా ఉన్నాడు. ఒకరికొకరు కావలి ఉందామని వాళ్లే ఒక కూటమి కట్టుకున్నారు. దానికి పెట్టుకున్న పేరు ఎర్మందాద్. కస్తీయ రాజ్యంలో పట్టణాలు కూడా ఇలాగే ఒకదానితో ఒకటి చేయి కలిపి, బాటలు కాపాడుకునేందుకు, కొన్నిసార్లు పెద్దదొరల దౌర్జన్యాన్ని ఆపేందుకు ఎర్మందాద్‌లు కట్టాయి. ఇంతవరకూ ఇందులో తప్పుపట్టేదేమీ మాకు కనబడలేదు. సొంత తమ్ముడి ఇంటికి కన్నం పడితే నిద్రపోయే అన్న ఉంటాడా?

1474లో ఇసబెల్లా సింహాసనం ఎక్కింది. దేశమంతా అంతర్యుద్ధంతో చెదిరి ఉంది. 1476లో మద్రిగాల్ అనే ఊళ్లో సభ చేసి, ఆమె, ఆమె భర్త ఫెర్నాందో ఈ కూటములన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చారు. పేరు ‘సాంతా ఎర్మందాద్’ అయింది, అంటే పరిశుద్ధ సహోదరత్వం. ప్రతి నూరు కుటుంబాలకు పద్దెనిమిది వేల మరావేదీల పన్ను వేసి, ఆ డబ్బుతో ఒక గుర్రపు రౌతును పోషించమన్నారు. దొంగను పట్టుకోవడం వీళ్ల పనే, విచారణ వీళ్లదే, శిక్ష కూడా వీళ్లదే. మరణశిక్ష పడినవాణ్ణి ఊరి బయట గుంజకు కట్టి బాణాలతో కొట్టేవారు. వాళ్ల చట్టంలో ఒక నియమం చదివి మేము పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాం. నేరస్థుడికి ముందుగా సంస్కారం ఇప్పించాలట, ఆ వెంటనే వీలైనంత త్వరగా చంపాలట, అతని ఆత్మ భద్రంగా వెళ్లేలాగ! ప్రభు బల్ల దగ్గరినుంచి గుంజ దగ్గరికి. దాన్ని నడిపించినవాళ్ల పేరు సహోదరులు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. బాటలు నిజంగానే కొంత నెమ్మదించాయి. చాలామంది సామాన్యులు మొదట్లో సంతోషించారు. తర్వాత పన్ను బరువైంది. ఆ డబ్బూ ఆ మనుషులూ గ్రనాడా మీద యుద్ధానికి కూడా ఉపయోగపడ్డారు. పట్టణాలు గోల పెడితే 1498లో పై సభను, పన్నునూ ఎత్తేశారు. ఊళ్లలో మాత్రం సాంతా ఎర్మందాద్ రక్షకభటుల రూపంలో ఇంకా మూడు వందల ఏళ్లకు పైగా మిగిలింది. వాళ్లు పచ్చ చేతుల చొక్కాలు తొడిగేవారు. అంతా అయిపోయాక తీరిగ్గా వచ్చేవారని జనం నవ్వుకునేవారు. ఆలస్యంగా సాయం వస్తే “మంచి వేళకే వచ్చారు, పచ్చచేతులూ” అనడం స్పానిషులో ఈనాటికీ ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అని మనం అంటాం, వాళ్లకు ఆ సామెత పరిశుద్ధ సహోదరుల పుణ్యమా అని దొరికింది.

సెర్వాంతెస్ రాసిన దోన్ కిహోతె మొదటి భాగం 1605లో అచ్చయింది. అందులో పిచ్చి వీరుడు ఖైదీలను విడిపిస్తాడు. వెంటనే అతని సేవకుడు సాంచో వణికిపోతాడు. సాంతా ఎర్మందాద్ వాళ్ల బాణాలు అప్పుడే చెవుల పక్కన రివ్వుమంటున్నట్టు అనిపిస్తుంది వాడికి. సహోదరత్వం అన్న మాట వినగానే బీదవాడికి గుర్తొచ్చింది బాణం!

ఆ మాట స్పెయిను పొలిమేర దాటింది. హాలెండు ప్రాంతాలు అప్పట్లో స్పెయిను రాజు ఏలుబడిలో ఉండేవి. 1568 నుంచి 1648 వరకు, ఎనభై ఏళ్లు, వాళ్లు ఆ ఏలుబడి మీద పోరాడారు. డచ్చి భాషలో ‘హెర్మందాద్’ ఇప్పటికీ నిఘంటువుల్లో ఉంది. అర్థం? పోలీసు. కొంచెం వెటకారంగా వాడతారు, “అదిగో పరిశుద్ధ హెర్మందాద్ వస్తోంది” అన్నట్టు. జర్మను భాషలోనూ అంతే, అదే మాట, అదే వెటకారం. చాలామందికి అది సహోదరత్వం అనే అర్థమున్న మాట అని తెలియనే తెలియదు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. మాటను అరువు తెచ్చుకునేవాడు దాని మూలార్థం చూసి తెచ్చుకోడు. తన వీపు మీద ఏ అర్థం పడిందో దాన్ని తెచ్చుకుంటాడు. స్పెయినువాళ్లు తమ నిఘంటువులో ఎర్మందాద్‌కు సహోదర ప్రేమ అని ఎంత అందంగా రాసుకున్నా, బయటివాడు తన నిఘంటువులో పోలీసు అని రాసుకున్నాడు. అందుకు అతణ్ణి తప్పుపట్టలేం.

అదే కుదురు నుంచి ఇంకో కొమ్మ కూడా మొలిచింది. స్పెయిను తూర్పు తీరంలో వాలెన్సియా ఉంది. అక్కడి భాషలో సోదరుల కూటమిని ‘జెర్మనియా’ అంటారు. 1519లో చేతిపనివాళ్ల సంఘాలు ఆ పేరుతో దొరల మీద తిరగబడ్డాయి. 1523కల్లా రాజు సైన్యం వాళ్లను అణిచేసింది. తర్వాత స్పానిషులో ఆ మాటకు దొంగలు, రౌడీలు తమలో తాము మాట్లాడుకునే రహస్య భాష అనే అర్థం స్థిరపడింది. ఒకే మాట ఒకచోట పోలీసు, ఒకచోట దొంగభాష! ఓడినవాళ్ల మీద జాలిపడే ముందు ఒకటి మరిచిపోవద్దు. ఆ కూటమివాళ్లు దొరల పొలాల్లో పనిచేసే ముస్లిములను పట్టుకుని బలవంతంగా బాప్తిస్మం ఇప్పించారు. అలాంటిది బాప్తిస్మమే కాదని మేము నమ్ముతాం. సహోదరత్వం అని జెండా ఎత్తినవాడు పక్కవాణ్ణి మెడపట్టి నీళ్లలోకి తోస్తే, ఆ నీళ్లలో ముందు మునిగేది ఆ మాటే.

ఇదంతా ఇప్పుడెందుకు అంటారా? మన సంఘంలో ఒక ప్రతిపాదన వచ్చిన సంగతి మీకు తెలుసు. కొందరు పెద్దలు మంచి మనసుతోనే ‘సహోదరుల కమిటీ’ ఒకటి వేద్దామంటున్నారు. ఆదివారం ఎవరు రాలేదు, దశమభాగం ఎవరు తేలేదు, అమ్మవారి పండగనాడు ఎవరు ఎవరింట్లో తిన్నారు, ఎవరి పిల్ల ఎవరితో ఫోనులో మాట్లాడుతోంది, ఇవన్నీ పుస్తకంలో రాసి నెలకోసారి చదువుదామంటున్నారు. మొదటి రెండు మాటల్లో వాళ్ల బాధ మాకు అర్థమవుతుంది. రెండు వారాలు కనబడని మనిషి ఇంటికి ఎవరూ వెళ్లడం లేదన్నది నిజం. అయితే వెళ్లడం వేరు, రాయడం వేరు. జ్వరమొచ్చి పడుకున్న ఇంటికి గంజి తీసుకెళ్లే మనిషికి పుస్తకం అక్కర్లేదు. పుస్తకం పట్టుకుని వెళ్లే మనిషికి గంజి గుర్తురాదు. తొలేదో తేనెవాళ్లు కూడా కాపలాతోనే మొదలుపెట్టారు. కాపలా మన మీదికి వచ్చే దొంగ కోసమా, మన అన్నదమ్ముల కోసమా అన్నదే తేడా. మా ఓటు ఎటో ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది, దాచుకోవడం లేదు.

మన ఊళ్లోకి వద్దాం. స్పెయినువాళ్లు మన తీరానికి రాలేదు గాని వాళ్ల పొరుగు పోర్చుగీసువాళ్లు వచ్చారు. నేరుగానో, పక్క భాషల మీదుగానో వాళ్ల మాటలు మన నోళ్లలో ఇంకా ఉన్నాయి. మేస్త్రీ, బొత్తాం, ఇస్త్రీ, పీపా, అనాస, వేలం, అన్నీ అక్కడివే. పాదిరి కూడా వాళ్ల మాటే, తండ్రి అని అర్థం. వాళ్ల భాషలో సోదరుడిని ‘ఇర్మావ్’ అంటారు, స్పానిషు ఎర్మానోకి సొంత తమ్ముడి లాంటి మాట. అది మాత్రం తెలుగులో దిగలేదు. పాదిరి వచ్చాడు, ఇర్మావ్ రాలేదు. బొత్తాలు, పీపాలు దిగుమతి అయినంత తేలిగ్గా అన్నదమ్ములు దిగుమతి కారేమో.

రానివాళ్లు, రానివ్వనివాళ్లు ఆ మాటను ఎలా పట్టుకున్నారన్నది ఇంకో కథ. స్పెయిను ఏలుబడిలోని ఫిలిప్పీన్సులో అపొలినారియో దె లా క్రూస్ అనే యువకుడు సన్యాసి సంఘంలో చేరాలని మనీలా వెళ్లాడు. స్థానిక జాతివాడివి, నీకు చోటు లేదన్నారు. 1832లో అతను తనలాంటి వాళ్లతో తనే ఒక సహవాసం పెట్టాడు. జనం అతణ్ణి ‘ఎర్మానో పూలె’ అని పిలిచారు, అంటే పూలె అన్న. తమకు దక్కకుండా చేసిన మాటనే వాళ్లు అతనికిచ్చారు. వేలమంది చేరారు. ప్రభుత్వం భయపడి సైన్యాన్ని పంపింది, 1841 నవంబరులో అతణ్ణి చంపేసింది. పాతికేళ్లు దాటాయో లేదో అతనికి. అతని బోధలో అన్నిటితో మేము ఏకీభవించం గాని, ఎర్మానో అన్న మాట పుట్టినప్పటి అర్థం ఆ బీదవాళ్ల నోట మళ్లీ వినబడిందని చెప్పక తప్పదు.

మన నేల మీదా ఇదే పరీక్ష జరిగింది. 1866లో జాన్ క్లౌ దంపతులు ఒంగోలు వచ్చినప్పుడు అగ్రకులాలవాళ్లు తమ పిల్లలను వాళ్ల బడికి పంపారు. మాదిగ పెద్ద యెర్రగుంట్ల పేరయ్య, అతని వెంట అతని జనం నమ్ముకుని వస్తుంటే, వాళ్లను చేర్చుకుంటే మేము రామని కబురొచ్చింది. ఆ రాత్రి భర్త ఒక గదిలో, భార్య ఒక గదిలో విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం వచ్చిందని క్లౌ జీవితం చదివినవాళ్లందరికీ తెలుసు: కొరింథీయులకు మొదటి పత్రిక, మొదటి అధ్యాయం చివర, లోకం నీచమని తోసేసినవాళ్లను దేవుడు ఏర్పరచుకోవడం గురించి. బడి పోతే పోయిందనుకున్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనలో చాలామంది తాతముత్తాతలకు ‘సహోదరుడు’ అని ఎవరైనా పిలవడం అలాంటి రోజుల తర్వాతే మొదలైంది. అంతకుముందు వాళ్లను ఏమని పిలిచేవారో మన ముసలమ్మలను అడగండి, చెబుతారు.

ఇంగ్లీషు నుంచి మనం అరువు తెచ్చుకున్న ‘బ్రదర్’ సంగతీ చెప్పాలి. రెవరెండు, బిషప్పు లాంటి బిరుదులు వద్దనుకున్నవాళ్లు ఆ మాటను ఎంచుకున్నారు. భక్తసింగ్ గారు (1903–2000) లోకమంతా తిరిగినా చివరివరకూ బ్రదర్ భక్తసింగే. ఆయన సహవాసాల్లో ప్రేమవిందు అంటే అందరూ చాపల మీద వరసగా కూర్చుని ఒకే అన్నం తినడం. ఇప్పుడు మన రోడ్ల మీద ఫ్లెక్సీలు చూస్తే ఆ బ్రదర్ అన్నది పేరుకు ముందు పెద్దక్షరాల్లో మెరిసే బిరుదు. బ్రదర్‌గారి కారు, బ్రదర్‌గారి వేదిక, బ్రదర్‌గారి బౌన్సర్లు! పెద్దాచిన్నా తీసెయ్యడానికి తెచ్చుకున్న మాటకు ‘గారు’ తగిలించాక కథ మళ్లీ మొదటికొచ్చింది. మన పక్కింటివాళ్లు, మన గుడిలోకి ఎన్నడూ రానివాళ్లు, ఆ మాటను ఏ అర్థంతో తమ ఇంటికి తీసుకెళ్తున్నారో మనం అడగడం లేదు.

మన జిల్లాలో ఎన్ని ఊళ్ల పేర్ల చివర ‘వలస’ ఉందో లెక్కపెట్టుకోండి, మన ఊరితో మొదలుపెట్టి. వలస ఇంకా ఆగలేదు. శ్రీకాకుళం రోడ్ స్టేషనులో బండెక్కి చెన్నై, హైదరాబాదు, ఇంకా దూరం వెళ్లి కట్టడం పనుల్లో ఉన్న మన పిల్లలు ఎందరో. పోయిన ఏడాది వాళ్లలో ఒకడు పని స్థలంలోనే చనిపోయాడు. శవాన్ని ఊరికి పంపడానికి అంబులెన్సుకు డబ్బు కావాలి. ఆ రాత్రి అతని గదిలోవాళ్లు చందా పోగుచేసి, ఎవరెంత ఇచ్చిందీ నోటుపుస్తకం కాగితం మీద రాసి, ఫొటో తీసి మాకు పంపారు. ఇరవై ముగ్గురు. కొందరు ఒడియావాళ్లు, ఒకరిద్దరు ముస్లిములు, మనవాళ్లు తక్కువే. యాభై ఇచ్చినవాడూ ఉన్నాడు, రెండు వేలు ఇచ్చినవాడూ ఉన్నాడు. రాసినవాడికి చాలామంది ఇంటిపేర్లు తెలియవనుకుంటాం. ప్రతి పేరు పక్కనా ‘బ్రదర్’ అని రాశాడు.